నాలుగు తెడ్ల దూరం

నా చిన్నప్పుడు మా ఊరికీ బడికీ మధ్య కృష్ణ ఉండేది. మా ఊరు గద్వాల వైపు ఒడ్డున, బడి ఆత్మకూరు వైపు ఒడ్డున. ఊళ్ళో ఉన్న చిన్న బడి ఐదో తరగతితో అయిపోయేది. ఆరు చదవాలంటే ఏరు దాటాలి. వంతెన లేదు. ఉన్నదల్లా పుట్టి. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున బర్రె తోలు కప్పి, నూనె పట్టించి ఆరబెట్టిన గుండ్రటి పుట్టి. అందులో పదిమంది మనుషులు, రెండు మేకలు, ఒక సైకిలు పట్టేవి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. ఆ సామెత మా ఊరివాళ్ళను చూసే పుట్టిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. ఎందుకో చెబుతాను.

ఆ రోజుల్లో మా రేవులో తెడ్డు పట్టింది మా పక్కింటి అక్క. అంతకుముందు వాళ్ళ నాయిన పట్టేవాడు. ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. కొడుకులు లేరు. అక్కకు అప్పుడు పదిహేడేళ్ళు, ఆమె కింద ఒక చెల్లెలు. తెడ్డు ఇంట్లో మూలకు పెడితే పొయ్యి వెలగదు. అందుకని అక్క తెడ్డు తీసుకొని రేవుకు వచ్చింది. ఆడమనిషి పుట్టి ఎక్కిస్తే ఎవరు ఎక్కుతారని నవ్విన వాళ్ళు, నెల తిరిగేలోగా పక్క రేవుకు పోవడం మాని ఆమె పుట్టి కోసమే నిలబడడం మొదలుపెట్టారు. ఎందుకంటే ఆమె పుట్టి కుదుపు లేకుండా పోయేది.

మా రేవుకు ఒక కట్టుబాటు ఉండేది. దసరా పోయాక, వరద కొంచెం తగ్గి ఇంకా ఎర్ర నీళ్ళు పారుతుండగానే, కృష్ణమ్మకు ఒడిబియ్యం పోసి పుట్టి పందెం పెట్టేవాళ్ళు. ఆ పందెం గెలిచిన వాళ్ళకే ఏడాది పొడుగునా రేవు. మిగిలిన పుట్టివాళ్ళు చేపలు పట్టుకోవాలి, లేదా కూలికి పోవాలి. అంటే అది ఆటా అవును, అన్నమూ అవును. నాయిన గెలిచిన ఏడు అయిపోగానే ఆ పందెంలో అక్క దిగింది. మా రేవులో అంతకుముందు ఆడమనిషి దిగింది లేదు. దిగిన మొదటి ఏడే గెలిచింది. రెండో ఏడు గెలిచింది. మూడో ఏడు కూడా గెలిచేసరికి చుట్టుపక్కల రేవుల వాళ్ళు ఆమెను చూడడానికే వచ్చారు. మా అవ్వ, అమ్మను మేం అట్లాగే పిలిచేవాళ్ళం, అక్కకు దిష్టి తీసి ఎర్ర నీళ్ళు వాకిట్లో పారబోసింది.

నేను ఆరో తరగతికి వచ్చింది ఆ మూడో ఏటి వేసవి తర్వాత. మా నాయినకు గొర్లు, రెండెకరాల చెలక. ఆడపిల్లను ఏరు దాటించి చదివించాలనే ఆలోచన ఆయనకు కలలో కూడా లేదు. అవ్వ పోరింది, నేను ఏడ్చాను. చివరికి ఒక్క మాట మీద ఒప్పుకున్నాడు. పుట్టి నడిపేది ఆడపిల్ల కాబట్టి పంపుతున్నాను, లేకపోతే లేదు అన్నాడు. మా ఊరి నుంచి ఏరు దాటి బడికి పోయిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. అక్క తెడ్డు మీదే నా చదువు నడిచింది.

పుట్టిని నడిపించడం చూసేవాళ్ళకు తేలిక. నేనూ అట్లాగే అనుకునేదాన్ని. ఒక రోజు బడి లేదు. అక్క నన్ను వెంట తీసుకుపోయింది. పందేనికి దింపే తేలికపాటి పుట్టిని నెత్తి మీద బోర్లించుకొని ఒడ్డు వెంట పైకి, అంటే నీళ్ళు వచ్చే వైపుకు నడవడం మొదలుపెట్టింది. వెనక నుంచి చూస్తే రెండు కాళ్ళ తాబేలు నడుస్తున్నట్టు ఉంది. నేను తెడ్డు మోసుకుంటూ వెంట నడిచాను. వేపచెట్టు దాటాం, పశువులు దిగే దారి దాటాం, నల్లబండ దాకా పోయాం. మనం పోవాల్సింది రేవుకు ఎదురుగా ఉన్న ఒడ్డుకు కదా, ఇంత దూరం పైకి ఎందుకు, కాళ్ళు నొస్తున్నాయి అని సణిగాను.

అక్క పుట్టి దించి, మెడ రుద్దుకుంటూ చెప్పింది. "ఏరు మనల్ని ఎంత కిందికి గుంజుతదో, అంత ముందుగాల్నే మనం మీదికి మోసుకపోవాలె. గీ మోసుడు ఎవ్వలకు కనవడదు పిల్లా. దాటుడే కనవడతది."

అక్కడ నుంచి నీళ్ళలోకి దిగాం. తెడ్డును పుట్టి ముందు వేసి నీళ్ళను తన దగ్గరికి లాక్కుంటూ పోయింది. పక్కన వేస్తే పుట్టి గిరగిరా తిరుగుతుందని చూపించింది. ఏరు మమ్మల్ని కిందికి గుంజుతూనే ఉంది, మేము అడ్డంగా పోతూనే ఉన్నాం. చివరికి ఎవరో కొలిచి పెట్టినట్టు ఎదురు రేవులోకే వచ్చి ఆగాం. పందెంలో ఆమె గెలుపు కూడా అందులోనే ఉంది. ఎదురు రేవులో పాతిన జెండాను మొదట ముట్టినవాళ్ళదే పందెం. డప్పు మోగగానే అందరూ పుట్లు నెత్తికెత్తుకొని పైకి పరుగెత్తేవాళ్ళు. తొందర ఉన్నవాళ్ళు వేపచెట్టు దగ్గరే నీళ్ళలోకి దిగి, జెండాకు ఎంతో కిందికి కొట్టుకుపోయి, అక్కడి నుంచి ఎదురీదలేక అవస్థ పడేవాళ్ళు. అక్క ఒక్కతే నల్లబండ దాకా పోయేది. జనం నవ్వుతున్నా ఆగేది కాదు.

ఇంత విన్నాను, చూశాను, తెడ్డు మోశాను. అయినా బుద్ధి రాలేదు. తర్వాత ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను. వినడం వేరు, బుర్రకెక్కడం వేరు అని వాళ్ళను తిట్టినప్పుడల్లా నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

నాలుగో ఏటి పందెం రోజు వచ్చింది. రేవంతా జనం. అందరి కళ్ళూ పైవైపే. నాకు మాత్రం వేరే కోరిక పుట్టింది. అక్క ఎదురు ఒడ్డున జెండా ముట్టడం ఇక్కడ నుంచి చూస్తే వీపే కనిపిస్తుంది. ఆమె ముఖం చూడాలి. ఆమె కంటే ముందు నేను అక్కడ ఉండాలి. అక్క పుట్టి ఒడ్డుకు తగలగానే మొదట పట్టుకునే చెయ్యి నాదే కావాలి. రేవుకు దిగువన వాళ్ళ నాయిన పాత పుట్టి బోర్లించి ఉంది. చేపలకు పోయేటప్పుడు ఆయన ఒక్కడే కూర్చునే చిన్న పుట్టి. డప్పు మోగి అందరూ పైకి పరుగెత్తగానే నేను దాన్ని తిరగేసి, కిందున్న తెడ్డు తీసుకొని, ఈడ్చి ఈడ్చి నీళ్ళలోకి నెట్టేసరికి పైన పుట్లు ఏట్లోకి దిగాయి. ఎదురుగా జెండా కనిపిస్తూనే ఉంది. పసుపు గుడ్డ, వెదురు కర్ర. ఇక్కడే కదా అనుకున్నాను. ఏరు ఒడ్డున పుట్టిన పిల్ల చేయకూడని తప్పు అదే. ఎదురుగా కనిపించిన దానికి ఎదురుగానే బయలుదేరాను.

పది తెడ్లు వేశానో లేదో జెండా పక్కకు జరిగింది. జరిగింది జెండా కాదు, నేను. తెడ్డు ముందు వేయాలన్నది మరిచి పక్కన వేశాను. పుట్టి తిరగడం మొదలుపెట్టింది. ఒడ్డు, ఆకాశం, ఒడ్డు, ఆకాశం. దిగువన ఏరు వంపు తిరిగే చోట రెండు బండల మధ్య సుడి ఉందని నాకు తెలుసు. దాని చప్పుడు వినిపించింది. అరిచానో లేదో నాకు గుర్తు లేదు. అరిచినా ఆ డప్పుల మధ్య ఒడ్డున ఎవరికి వినిపిస్తుంది?

అక్కకు వినిపించింది. లేదా కనిపించింది. ఆమె అప్పటికే అందరికంటే ముందు ఉంది. జెండా ముందరే ఉంది. ఆమె తెడ్డు ఎత్తి ఒక్క క్షణం అట్లాగే పట్టుకొని ఉండడం నేను చూశాను. తిరిగే పుట్టిలో నుంచి చూసినా అది మాత్రం కదలకుండా నా కళ్ళలో నిలిచిపోయింది. తర్వాత ఆమె తెడ్డు దించి, పుట్టిని నీళ్ళ వాలుకు వదిలేసింది.

ఒడ్డు మీది జనానికి కనిపించింది ఇంతే. గెలుస్తున్న మనిషి చేతులు ఆడక కిందికి కొట్టుకుపోయింది, వంపు దాటి కంటికి కనిపించకుండా పోయింది. వెనక వచ్చినతను జెండా ముట్టాడు. డప్పులు మోగాయి.

వంపు దగ్గర అక్క నన్ను అందుకుంది. తెడ్డు చాచి పట్టుకోమంది. నేను రెండు చేతులా పట్టుకున్నాను. నన్ను తన పుట్టిలోకి లాగేసరికి చిన్న పుట్టి జారిపోయి బండకు తగిలి వెదురు విరిగిన చప్పుడైంది. వాళ్ళ నాయిన చేతులతో అల్లిన చివరి పుట్టి అది. అక్క దాని వైపు చూడలేదు. దిగువన మా ఒడ్డు వైపే ఇసుక మేట మీద నన్ను దించి, నా లంగా పిండింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"జొన్న చేన్ల నుంచి ఇంటికి పో. ఎవ్వలకు చెప్పకు. మీ నాయినకు తెలిస్తే బడి బంద్ జేపిస్తడు. నువ్వు బడికి పోవాలె, తెలిసిందా?" అంది. అంతే. మళ్ళీ పుట్టి నెత్తికెత్తుకొని రేవు వైపు నడిచింది. ఆ రోజు ఆ నడక తాబేలు నడకలా అనిపించలేదు. నాకు ఏడుపు వచ్చింది.

నేను జొన్న చేలలో నుంచి వచ్చి, జనం వెనక మా అవ్వ కొంగు పట్టుకొని నిలబడ్డాను. అక్క తల దించుకొని పెద్దమనుషుల ముందు నిలబడి ఉంది. ఏమైందని అడిగారు. చేతులు పట్టుకుపోయాయని చెప్పింది. వాళ్ళ నాయిన చిన్న పుట్టి ఏదని అడిగారు. సరిగా కట్టలేదు, కొట్టుకుపోయిందని చెప్పింది. నిన్నటిదాకా ఆమె పుట్టే కావాలని నిలబడిన వాళ్ళు ఒక్కొక్కరే నోరు విప్పారు. ఆడదాని రెక్కల్లో బలమెంత అన్నారు. గంగమ్మకు కోపం వచ్చిందన్నారు. మూడేళ్ళు ఆమె పుట్టిలో పిల్లలను, మేకలను, పెళ్ళి సామాను దాటించుకున్న వాళ్ళే ఆ మాటలన్నది. రేవు పోయింది. అది కట్టుబాటు, పోతుంది. దానితో ఆగలేదు. ఇక ముందు పందెంలో ఆడవాళ్ళు దిగకూడదని కూడా ఆ నిలబడిన చోటే తీర్మానం చేశారు.

అక్క ఒక్కసారి తలెత్తి జనంలోకి చూసింది. నా మీద ఆమె చూపు ఆగింది. నేను ఒక్క మాట అంటే చాలు. నా లంగా ఇంకా తడిగానే ఉంది. ఆ తడే సాక్ష్యం. నేను అవ్వ వెనక్కి జరిగి దాక్కున్నాను. పిల్లవు, నీకేం తెలుసు అని ఎవరైనా ఓదార్చవచ్చు. నాకు పదకొండేళ్ళు. నాకన్నీ తెలుసు.

ఆ సాయంత్రం అవ్వ నా జడలు విప్పింది. పాయల్లో నుంచి ఇసుక రాలింది. అవ్వ ఆ ఇసుకను అరచేతిలోకి తీసుకొని చూసింది, నా ముఖం చూసింది, తుడిచేసి మళ్ళీ జడ అల్లింది. ఏమీ అడగలేదు. మరునాడు మా నాయిన, మగవాడి పుట్టిలో ఒక్కదాన్ని పంపనన్నాడు. అవ్వ మజ్జిగ కుండ నెత్తికెత్తుకొని బయటికి వచ్చింది. "నేను తోడు పోత. అద్దరిన మజ్జిగ అమ్ముకుంట కూసుంట," అంది. ఐదేళ్ళు ఎండలో వానలో అట్లాగే వచ్చింది. వారానికోసారి చేటెడు జొన్నలు కొంగు కింద పెట్టుకొని పక్కింటికి పోయి వచ్చేది కూడా. అవ్వకు తెలుసని నాకు చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు.

అక్క తర్వాత బతుకు నేను పుట్టిలో నుంచే చూశాను. పొద్దున్నే నేను సంచి వేసుకొని కొత్త మనిషి పుట్టిలో కూర్చుంటే, ఒడ్డు చేలల్లో ఆమె కలుపు తీస్తూ కనిపించేది. నేను తల తిప్పుకునేదాన్ని. తెడ్డు పట్టిన పిల్లకు సంబంధాలు రాలేదు. చెల్లెలి పెళ్ళి మాత్రం చేసింది. వాళ్ళ నాయిన పోయాక, ఊళ్ళో సగం మందిలాగే మేస్త్రీ వెంట వలస పోయింది. ఎక్కడెక్కడో ఆనకట్టల కింద మట్టి మోసింది. పుట్టి మోసిన నెత్తి మీద గంపలు మోసింది. కొన్నాళ్ళకు మా కృష్ణకే ఆనకట్ట వచ్చింది. రేవు, వేపచెట్టు, నల్లబండ, అన్నీ నీళ్ళ కిందికి పోయాయి. ఊరు ఎత్తుగడ్డ మీది కాలనీకి మారింది. అప్పటికి నేను టీచరునై, పెళ్ళై, ఊరు విడిచి చాలా ఏళ్ళైంది. కాలనీకి పోయినప్పుడల్లా అక్క వలసలో ఉందనేవాళ్ళు. నిజం చెప్పాలంటే ఆ మాట వింటే నాకు కొంచెం ఊపిరి ఆడేది. ఎదురుపడే పని తప్పిందని. ఇంత పిరికితనం పెట్టుకొని పిల్లలకు నీతులు చెప్పాను.

తెలంగాణ వచ్చాక నేను రిటైరై జడ్చర్లలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఒక రోజు మా మనవరాలు ఫోను తెచ్చి చూపించింది. సముద్రంలో ఒక ఆడపిల్ల, కాళ్ళ కింద పొడుగాటి పలక, దాని మీద నిలబడి అల మీద జారుతూ వస్తోంది. మన దేశంలో ఆ ఆట గెలిచిన మొదటి ఆడవాళ్ళలో ఆమె ఒకతెనట. చూస్తుండగానే పిల్ల కిందపడింది. మళ్ళీ లేచి, పలకను చంకన పెట్టుకొని, అలలకు ఎదురుగా లోపలికి నడిచిపోయింది. అల మీద వచ్చేది అందరూ చూస్తారు. ఆ పలక మోసుకొని లోపలికి పోవడం ఎవరు చూస్తారు? నాకు నల్లబండ గుర్తుకొచ్చింది. కళ్ళ నీళ్ళు ఆగలేదు. మనవరాలు కంగారుపడింది. మరునాడు తెల్లవారి బస్సెక్కి కాలనీకి పోయాను.

ఈసారి అక్క ఉంది. చెల్లెలి కొడుకు ఇంట్లో, అరుగు మీద, కళ్ళకు పొర కమ్మి. పింఛను వస్తోందట, మెడ మాత్రం పక్కకు తిరగదట. గొంతు వినగానే గుర్తుపట్టింది. "ఏం పిల్లా, ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా?" అంది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చొని, చెప్పాల్సిందంతా చెప్పాను. ఆ రోజు నేను నోరు విప్పితే నీ తెడ్డు నీకు ఉండేదని చెప్పాను. నా మీద నీకు కోపం రాలేదా అక్కా అని అడిగాను.

అక్క నాలుగు వేళ్ళు ఎత్తి చూపించింది. "నాలుగు తెడ్లు. జెండా గంత దూరమే ఉండె. పండుకునేటప్పుడు ఇప్పటికి యాదికొస్తది. నాలుగు ఏసి ముట్టి నీ దిక్కు వచ్చుంటే అందుతుండెనా లేదా అని. అందకపోతుండె పిల్లా. మస్తుసార్లు లెక్క జూసిన." వేళ్ళు దించి అంది. "కోపం రాకేం. వచ్చింది. నువ్వు సంచి ఏసుకోని గా పుట్టిల పోతుంటే వస్తుండె. ఒకనాడు నువ్వు పోకుంటే ఇంకా ఎక్కువ వస్తుండె."

ఏదో ఒకటి చేయాలని ఫోను తీసి, ఆ అలల పిల్ల సంగతి చెప్పాను. ఆమెకు కనిపించదని తెలిసి కూడా చేతిలో పెట్టాను. అక్క ఆ సముద్రం చప్పుడును చెవి దగ్గర పెట్టుకొని వింది. నిలబడే పోతదా అని అడిగింది. నిలబడే పోతుంది, ఒక్కోసారి పడుతుంది కూడా అన్నాను.

"పడితే, మల్ల ఎక్కనిస్తరా?"

ఎక్కనిస్తరు అక్కా, ఎన్నిసార్లు పడ్డా ఎక్కనిస్తరు అన్నాను. మంచిగున్నది అంది. ఫోను చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.

ఆ ఏడు వానలు పడకముందే అక్క పోయింది. పదకొండో రోజు దినానికి పోయి, భోజనాలకు ముందు నలుగురినీ కూర్చోబెట్టి, జరిగినదంతా చెప్పాను. అక్క ఓడిపోలేదని, చేతులు పట్టుకుపోలేదని, తడి లంగాతో నేను దాక్కున్నానని చెప్పాను. ఆనాడు ఆమెను మాటలన్న పెద్దలు ఒక్కరూ మిగల్లేదు. ఉన్నవాళ్ళు మర్యాదగా విన్నారు. చివరికి ఒక కోడలు పిల్ల అడిగింది, రేవంటే ఏంది పెద్దమ్మా అని. చూపిద్దామంటే రేవు లేదు. నీళ్ళున్నాయి.

నా చదువు, నా ఉద్యోగం, ఈ నాలుగు ముక్కలు రాయగలగడం, అన్నీ అక్క దాటకుండా వదిలేసిన ఆ నాలుగు తెడ్ల దూరంలో నుంచే వచ్చాయి. ఏ పనికైనా ముందు నల్లబండ దాకా మోయాలన్నది అక్క నేర్పింది, అది నా దగ్గరే ఉంది. దానికంటే బరువుగా ఇంకొకటి ఉంది. ఇప్పుడు ఎవరి పిల్ల పరీక్ష తప్పినా, ఆటలో ఓడినా, సైకిలు మీద నుంచి పడినా నా నోటికి మొదట వచ్చే మాట ఒక్కటే, మళ్ళీ ఎక్కు బిడ్డా అని. ఆ రోజు రేవులో అంతమంది ఉండి కూడా అక్కతో ఎవరూ ఆ మాట అనలేదు. వాళ్ళకు నిజం తెలియదు. తెలిసి కూడా అననిది నేను.